పల్లమెరిగిన పటం

ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉండే వంకలు... ఎప్పుడో ఒకసారి వచ్చి ఊరిని ముంచేసే వరదలు... ఈ రెంటి మధ్యే పెరుగుతున్నాయి కర్నూలు, కడప నగరాలు. నీటి దారిని మనుషులు మరిచిపోతారు. ఉపగ్రహ చిత్రాలతో గీసే డిజిటల్ పటం మరిచిపోదు. మరి, పటం చెప్పేది ఊరు వింటోందా?

కడపలో బుగ్గవంక వంతెన మీద నిలబడి కిందికి చూసే కొత్తవాళ్లకు వచ్చే మొదటి సందేహం... ఇందులో అసలు నీళ్లు పారతాయా అని! ఎక్కువ రోజులు అక్కడ కనిపించేది కంపచెట్లు, చెత్త, నడుమ సన్నని మురుగు ధార. ఒడ్డున మాత్రం బలమైన రక్షణ గోడలు. అంత చిన్న ధారకు ఇంత గోడ ఎందుకో కడపవాసులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2001లో ఇదే వంక పొంగి ఊళ్లోకి వచ్చింది. ప్రాణాలు తీసింది. గోడలు కట్టాక కూడా, 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు మరోసారి ఒడ్డు దాటి కాలనీలను ముంచింది.

అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్నూలుది అంతకన్నా పెద్ద అనుభవం. హంద్రీ నది ఈ ఊరి పక్కనే తుంగభద్రలో కలుస్తుంది. చాలా నెలలు ఇసుక, జమ్ము తప్ప మరేమీ కనిపించని నది అది. 2009లో దేశమంతటా వానలు మొహం చాటేశాయి. ఇక్కడి రైతులు కరవు సాయం కోసం ఎదురుచూస్తున్నారు. సెప్టెంబరు ఆఖర్లో ముసురు పట్టింది. అక్టోబరు 2న, సరిగ్గా గాంధీ జయంతి నాడు, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలులోకి వచ్చేశాయి. పాతబస్తీ, జోహరాపురం, సంకల్‌బాగ్... కింది అంతస్తులు మునిగిపోయాయి. జనం మిద్దెలెక్కి రాత్రంతా జాగారం చేశారు. కరవు వస్తుందని భయపడిన ఏడాదే వరద వచ్చింది!

డెల్టాలో కాలువ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని మధ్యలో ఇల్లు కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల వానైనా గ్యారంటీ లేని సీమలో అలా కాదు. వంక పదేళ్లు ఎండి ఉంటే మొదట బండ్ల బాట అవుతుంది. బాట కాస్తా సందు అవుతుంది. సందుకు అటూ ఇటూ ఇళ్లు వస్తాయి. కరెంటు స్తంభం, కుళాయి, ఇంటి పన్ను రసీదు... ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఒక తరం గడిచేసరికి అక్కడో వంక ఉండేదన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. గుర్తున్నది వానకే. నీరు పల్లమెరుగు అని పెద్దలు ఊరికే అన్నారా!

ఆ జ్ఞాపకాన్ని ఊరికి తిరిగి ఇవ్వగలిగేది పటం. అందుకే డిజిటల్ పటాల అవసరం నీళ్లున్న ఊళ్లకన్నా నీళ్లు లేని ఊళ్లకే ఎక్కువ.

గొలుసు నుంచి ఉపగ్రహం దాకా

పటాలు సీమకు కొత్తేమీ కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చిందే. తొలి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే పనిచేశాడు. పొలం పొలానికీ కొలతలు వేయించి, రైతువారీ శిస్తుకు పునాది వేశాడు. గొలుసు పట్టుకుని సర్వే సిబ్బంది ఊరూరా తిరిగారు. ఆ తర్వాత కల్నల్ కాలిన్ మెకంజీ దత్తమండలాల సర్వే చేయించాడు. కావలి సోదరుల వంటి తెలుగు పండితుల తోడ్పాటుతో ఊళ్ల చరిత్రలు రాయించాడు. అవే కైఫియతులు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఏ మాన్యం ఉంది... ఇలా ఊరి జ్ఞాపకమంతా కాగితం మీదికి ఎక్కింది. 1815లో మెకంజీ భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

అదే కాలంలో విలియం లాంబ్టన్ దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలుస్తూ 78వ రేఖాంశం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగాడు. కర్నూలు ఉన్నది దాదాపు ఆ గీత మీదే. అయితే కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా నవాబుల ఏలుబడిలోనే ఉంది.

ఆనాటి కొలతల వారసత్వమే నేటికీ రెవెన్యూ కార్యాలయాల్లో కనిపించే ఎఫ్ఎంబీ... అంటే క్షేత్ర కొలతల పుస్తకం. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పేజీ. మూలల్లో రాళ్లు, రాళ్ల మధ్య గొలుసు లెక్కలు. వంక ఎక్కడ వస్తుంది, ఎంత వెడల్పున పోతుంది, ఎంత భాగం పోరంబోకు... అన్నీ అందులో ఉంటాయి. చిక్కల్లా అది విడివిడి పేజీలు కావడమే. ఒక పేజీలో ఉన్న వంక పక్క పేజీలోకి ఎలా పోతుందో చూడాలంటే వందల పేజీలు పక్కపక్కన పరవాలి. ప్లాటు కొనే మనిషి ఆ పని చేయడు. ప్లాటు అమ్మే మనిషి అసలే చేయడు.

కంప్యూటరు చేసిన మేలు సరిగ్గా ఇక్కడే.

పొరలు పొరలుగా...

భౌగోళిక సమాచార వ్యవస్థ. ముద్దుగా జీఐఎస్. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ అనే భూగోళ శాస్త్రవేత్త, అక్కడి విశాలమైన భూముల లెక్క తేల్చడానికి దీనికి శ్రీకారం చుట్టాడు. సూత్రం తేలికే. ఒకే ఊరి పటాన్ని పలుచటి పారదర్శక కాగితాల మీద వేరువేరుగా గీశారనుకోండి. ఒకదాని మీద రోడ్లు, ఇంకోదాని మీద ఇళ్లు, మరోదాని మీద వంకలు, చెరువులు. ఇంకొక దాని మీద నేల ఎత్తుపల్లాలు. అన్నింటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి వెలుగులో పెడితే? చెరువు గీత మీద ఇల్లు ఉంటే ఇట్టే దొరికిపోతుంది. ఆ పని కంప్యూటరు క్షణాల్లో చేసిపెడుతుంది. ఈ ఎత్తుకు నీళ్లొస్తే ఎన్ని ఇళ్లు మునుగుతాయి? కొత్త కాలనీకి మంచినీటి పైపు ఎటునుంచి వేస్తే దగ్గర? ఏ వీధిలో ఎన్ని ఇళ్లు పన్ను లెక్కలోకి రాలేదు? వీటన్నింటికీ ఆ పొరల్లోనే జవాబులుంటాయి.

అయితే పొరలు సరిగ్గా పేర్చడమే అసలు కష్టం. పాత ఊరి పటం బట్ట మీద గీసిందో, మడతలు పడిన కాగితమో అయి ఉంటుంది. దాన్ని స్కాన్ చేసి, నేల మీద ఇప్పటికీ కదలని గుర్తులు పట్టుకోవాలి. మూడు ఊళ్ల పొలిమేర రాయి, గుడి, పాత బావి, చెరువు కట్ట మూల. ఆ చోట్లకు జీపీఎస్ పరికరం తీసుకెళ్లి అక్షాంశ రేఖాంశాలు నమోదు చేసుకోవాలి. వాటి ఆధారంగా పాత పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాలి. కట్ట తెగి, రాయి మాయమై, బావి పూడిపోయిన చోట సర్వేయరు ఎంత తిరిగినా పటం కుదురుగా కూర్చోదు. నగరం అంచుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. రియల్ ఎస్టేటు పొక్లెయిన్ ముందుగా మింగేది సర్వే రాళ్లనే!

ఉపగ్రహాల చూపు కూడా ఒక్కరోజులో పదునెక్కలేదు. మనదేశపు పాత ఉపగ్రహ చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 23 మీటర్లకు పైగా ఉండేది. పది మీటర్ల వెడల్పున్న వంక అందులో చుక్కకైనా సరిపోదు. 2005 మే 5న నింగికెగసిన కార్టోశాట్-1 చిత్రంలో చుక్క రెండున్నర మీటర్లకు దిగింది. అదే వంక నాలుగు చుక్కల వెడల్పున కనిపించసాగింది. ఆ చిత్రాలు హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థకు చేరేవి. 2008లో ఆ సంస్థ పేరు జాతీయ దూరసంవేదన కేంద్రంగా మారింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఇస్రో 'భువన్' పోర్టల్‌ను జనం ముందుకు తెచ్చింది. ఉపగ్రహ చిత్రం చూడటం ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లే ప్రతి కుర్రాడికీ సాధ్యమైంది.

పటం కొలత (స్కేలు) కూడా ముఖ్యమే. సర్వే ఆఫ్ ఇండియా వారి మామూలు పటం 1:50,000 స్కేలులో ఉంటుంది. అంటే పటం మీద 1 సెంటీమీటరు నేల మీద 500 మీటర్లన్నమాట. ఆ లెక్కన పది మీటర్ల వంక మిల్లీమీటరులో ఐదో వంతు. పెన్సిలు గీత కంటే సన్నం! 2015లో కేంద్రం అమృత్ పథకాన్ని ప్రారంభించినప్పుడు, దాని కింద ఎంపికైన పట్టణాలకు జీఐఎస్ ఆధారంగా 1:4,000 స్కేలులో మాస్టర్ ప్లాన్లు తయారు చేయాలని నిర్ణయించారు. కర్నూలు, కడప రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ స్కేలులో అదే వంక రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున కనిపిస్తుంది. కంటికి ఆనుతుంది. అధికారి చూడలేదని తప్పించుకోలేడు.

రెండు నదుల నడుమ

కర్నూలు పుట్టుకే నది దాటడంతో ముడిపడి ఉంది. అలంపురం గుడికి రాళ్లు మోసుకెళ్లే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని, అందుకే కందెనవోలు అనే పేరు వచ్చిందని చెబుతారు. ఆగిన చోటే ఊరయింది. ఊరు కోట అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. మూడేళ్ల తర్వాత రాజధాని హైదరాబాద్‌కు వెళ్లిపోయినా ఊరు పెరగడం ఆగలేదు. 2001లో నగర జనాభా 2.69 లక్షలు. 2011 నాటికి 4.30 లక్షలు. ఒకప్పుడు వేరే ఊరైన కల్లూరు ఇప్పుడు నగరంలో కలిసిపోయింది.

కొండారెడ్డి బురుజు ఎక్కి చూస్తే ఊరి స్వరూపం కొంత అర్థమవుతుంది. ఒకవైపు తుంగభద్ర, మరోవైపు హంద్రీ. రెండూ కలిసే మూల దగ్గర పాత ఊరు. తుంగభద్ర నిండుగా పారుతుంటే హంద్రీ నీళ్లు అందులోకి దిగలేవు. వెనక్కి ఎగదన్ని వీధుల్లోకి ఎక్కుతాయి. 2009లో జరిగింది ఇదే. ఎగువన సుంకేసుల బ్యారేజీకి దాని సామర్థ్యానికి మించిన నీరు వచ్చిపడింది. దిగువన శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద చేరింది. ఆ ఆనకట్టను కట్టింది 19 లక్షల క్యూసెక్కుల లెక్కతో! జలాశయం నిండి వెనక్కి తన్నిన నీళ్లు ఒకవైపు, పైనుంచి వచ్చే నీళ్లు మరోవైపు, పక్కనుంచి హంద్రీ. నడుమ కర్నూలు.

ఆ రోజుల్లో ఆకాశమంతా మబ్బే. మామూలు ఉపగ్రహ కెమెరాకు నేల కనిపించదు. మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహ చిత్రాల సాయంతో దూరసంవేదన కేంద్రం మునిగిన ప్రాంతాల పటాలు తయారు చేసింది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ పటాల్లో ఉంది. ఇది కర్నూలుకు దొరికిన అతి ఖరీదైన పాఠ్యపుస్తకం. ఏ నమూనా లెక్కలూ అక్కర్లేకుండా, నది తానే వచ్చి తన హద్దు గీసి చూపించింది.

దాన్ని ఊరు ఎంతవరకు చదువుకుంది? ఎత్తు ప్రాంతాల వైపు విస్తరణ కొంత జరిగింది. జగన్నాథగట్టు మీద ట్రిపుల్ఐటీ డీఎం వంటి విద్యాసంస్థ వచ్చింది. ఓర్వకల్లు వద్ద 2021 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. కానీ పాతబస్తీలో వరద తగ్గిన మరునాడే జనం బురద ఎత్తిపోసుకుని అవే ఇళ్లలో చేరారు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. దుకాణం అక్కడే, కూలి అక్కడే, మసీదు, గుడి, బడి అన్నీ అక్కడే. పటం ప్రమాదాన్ని చూపిస్తుంది. బతుకుతెరువు చూపించదు.

దారి పొడవునా ఓ పాత పటం

కర్నూలు నుంచి కడపకు 40వ నంబరు జాతీయ రహదారి మీద వెళుతుంటే ఓర్వకల్లు రాతిగుట్టలు, నంద్యాల నల్లరేగళ్లు, ఆళ్లగడ్డ, మైదుకూరు వరసగా వస్తాయి. ఈ ప్రయాణంలో అక్కడక్కడా కనిపించి మాయమయ్యే తోడు ఒకటుంది. కేసీ కెనాల్. కర్నూలు-కడప కాలువ. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఈ కాలువ సుంకేసుల దగ్గర మొదలై 300 కిలోమీటర్లకు పైగా సాగి కడప చేరుతుంది. పడవలు నడపడానికి, పొలాలు తడపడానికి రెంటికీ పనికొచ్చేలా తవ్వారు. కంపెనీకి మాత్రం లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వం తీసేసుకుంది.

ఆలోచిస్తే ఆ కాలువే ఒక పెద్ద పటం. మోటార్లు లేవు. నీళ్లు వాటంతట అవే నడవాలి. అన్ని వందల కిలోమీటర్లూ నేల వాలును అంగుళం అంగుళం పట్టుకుంటే తప్ప కాలువ పారదు. ఉపగ్రహం లేదు, కంప్యూటరు లేదు. లెవెలింగ్ పరికరం, గొలుసు, కాలినడక. కర్నూలు నగరంలో హంద్రీకి అడ్డంగా వంతెన కట్టి, కింద నది, పైన కాలువ పారేలా చేశారు. ఏ నీటి దారి దానిదే. ఒకదాన్నొకటి తోసుకోకూడదన్న లెక్క ఆ ఇంజినీర్లకు తెలుసు. నూట యాభై ఏళ్ల తర్వాత అదే కాలువ గట్ల పక్కన కాలనీలు పెరుగుతుంటే ఆ లెక్క గుర్తుచేయాల్సిన బాధ్యత పటం మీద పడింది.

ఈ దారికి రెండు చివరలా కొత్త పరిశ్రమల వాడలూ వస్తున్నాయి. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో రెండు ఇక్కడివే. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, కడప పక్కన కొప్పర్తిలో 2,596 ఎకరాలు. పని దొరికే చోటికి జనం వస్తారు. జనంతో పాటే గుడిసె, గది, అపార్ట్‌మెంటు, వెంచరు వస్తాయి. పరిశ్రమ గేటు లోపలి ప్రతి రోడ్డుకూ పటం ఉంటుంది. గేటు బయట పెరిగే ఊరికే ఎక్కడా ఉండదు. ముందుగా గీసుకోవాల్సింది దాన్నే.

గిన్నెలాంటి ఊరు

తిరుమల కొండకు గడప కాబట్టి కడప అయిందని నమ్మకం. ఊరిని పైనుంచి చూస్తే మాత్రం గడపలా కాదు, గిన్నెలా ఉంటుంది. చుట్టూ పాలకొండలు, నల్లమల గుట్టలు. వానపడితే కొండల మీది నీళ్లన్నీ కిందికి దిగి, ఊరి గుండా సాగి, ఉత్తరాన పెన్నలో కలవాలి. ఆ నీళ్లు నడిచే ముఖ్యమైన దారి బుగ్గవంక.

1868లో ఏర్పడిన కడప పురపాలక సంఘం 2004లో నగరపాలక సంస్థ అయింది. చిన్నచౌకు, అక్కాయపల్లె, పుట్లంపల్లె, చెమ్ముమియాపేట... ఇలా చుట్టుపక్కల పల్లెలెన్నో నగరంలో భాగమయ్యాయి. 2001 జనాభా లెక్కల్లో 1.26 లక్షలున్న కడప, 2011లో సుమారు 3.4 లక్షలకు చేరింది. పదేళ్లలో దాదాపు మూడింతలా! నిజానికి పెరిగిన దాంట్లో పెద్ద భాగం జనం కాదు, హద్దు. సుమారు 164 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్క ఉత్తర్వుతో తయారైంది. పొలాలు, కుంటలు, వంకలు రాత్రికి రాత్రి 'నగరం' అయిపోయాయి. నిన్నటిదాకా రైతు భాషలో పేరున్న ప్రతి పల్లం, నేడు వెంచరు బ్రోచర్లో ప్లాటు నంబరుగా మారింది.

ఇలాంటి ఊరికి సరిహద్దు గీతే పెద్ద ఇబ్బంది. నగరపాలక సంస్థ పటం నగరం పొలిమేర దగ్గర ఆగిపోతుంది. నీళ్లు ఆగవు. బుగ్గవంక పుట్టేది ఊరి బయటి కొండల్లో. దాని మీది జలాశయం ఊరి బయటే. అక్కడ గేట్లు ఎంత ఎత్తితే ఏ వీధిలోకి ఎంత సేపట్లో నీళ్లొస్తాయో చెప్పాలంటే కొండ నుంచి పెన్న దాకా ఒకే పటం ఉండాలి. కర్నూలుకూ అంతే. హంద్రీ జిల్లా పశ్చిమాన పుట్టి, గాజులదిన్నె దాటి వస్తుంది.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను తుడిచిపెట్టాక నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెప్పిన పరిష్కారం కూడా ఇదే తరహాది. ఊరిని కాపాడాలంటే ముందు ఊరికి పైన ఏం జరుగుతోందో చూడాలన్నాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం ఒకప్పటి కర్నూలు జిల్లాలోదే!

హద్దు దాటి చూడకపోతే ఏమవుతుందో 2021 నవంబరు 19 తెల్లవారుజామున తెలిసింది. అప్పటి కడప జిల్లాలో రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. కట్ట తెగితే ఏ ఊరికి ఎంతసేపట్లో నీళ్లొస్తాయో చెప్పే పటం జనం చేతిలో ఉంటే కొన్ని ప్రాణాలైనా నిలిచేవి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన కేంద్ర ఆనకట్టల భద్రతా చట్టం, ప్రమాద సమయంలో ఏం చేయాలన్న ప్రణాళికను తప్పనిసరి చేసింది. ముంపు పటం అందులో కీలకం.

గీతకు అటూ ఇటూ

పటం గీస్తే పని అయిపోతుందా? అసలు పని అప్పుడే మొదలవుతుంది.

నీటి వనరుల పక్కన ఎంత దూరం వదలాలో నియమాలున్నాయి. 2012లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన భవన నిర్మాణ నియమావళి ప్రకారం పట్టణ పరిధిలో నదికి 50 మీటర్లు, పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పయిన వాగుకు 9 మీటర్లు వదలాల్సి ఉండేది. వినడానికి సులువే. ఎక్కడినుంచి కొలవాలి? ఎండిన వంకకు అంచు ఏది? ఈ ప్రశ్నకు జవాబు లేనంతకాలం నియమం కాగితానికే పరిమితం. పక్కా డిజిటల్ పటం ఉంటే ఇంటి ప్లాను ఆన్‌లైన్‌లో పెట్టిన క్షణంలోనే అది వంక గీతను తాకుతోందో లేదో తెలిసిపోతుంది. అంచనాకూ, మొహమాటానికీ, చేతివాటానికీ చోటు తగ్గుతుంది.

ఎత్తుపల్లాల లెక్కలో మరో తిరకాసు ఉంది. ఉపగ్రహ చిత్రాల జంటల నుంచి తీసే ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. కొండను కొలవడానికి ఆ తేడా ఫర్వాలేదు. వీధిలోకి మోకాలి లోతు నీళ్లొస్తాయా, నడుము లోతా అన్నది తేల్చడానికి చాలదు. అందుకే ఇప్పుడు డ్రోన్లు, లేజర్ సర్వేలు అవసరమవుతున్నాయి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం 'నక్షా' పేరుతో దేశంలోని 152 పట్టణాల్లో ప్రయోగాత్మకంగా ఆస్తుల సర్వేకు శ్రీకారం చుట్టింది. ఇవన్నీ ఎవరి భూమి ఎంత అన్నది తేల్చడానికి. వాటిలోనే నీళ్ల భూమి ఎంత అన్నదీ తేల్చుకుంటే ఖర్చు ఒక్కటే, లాభం రెండు.

ఇక మనుషుల సంగతి. పటం మీద వంక గీతను సరిచేసిన ప్రతిసారీ ఆ గీత లోపల కొన్ని కుటుంబాలు కనిపిస్తాయి. ఎక్కువమంది పేదలే. ఊళ్లో స్థలం కొనలేక, అద్దె కట్టలేక ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్లు. గీత దాటి కట్టిన పెద్ద భవనాలూ ఉంటాయి. పొక్లెయిన్ మాత్రం మొదట గుడిసె దగ్గరికే వెళుతుంది. 2007 చివర్లో అక్రమ కట్టడాలకు, లేఅవుట్లకు అపరాధ రుసుముతో క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. డబ్బు కట్టగలిగినవాళ్లకు కాగితం దొరికింది. కట్టలేనివాళ్లకు భయమే మిగిలింది. ఒకే గీతకు రెండు న్యాయాలుంటే ఆ పటాన్ని ఎవరూ నమ్మరు. ఒడ్డు ఖాళీ చేయమనే ముందు పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు చూపించడం కూడా పట్టణ ప్రణాళికే. ఆ ఖాళీ స్థలం ఎక్కడుందో కూడా అదే పటం చెబుతుంది... అడిగితే!

ప్లాటు కొనేముందు

ఇదంతా అధికారుల పనే అనుకోనక్కర్లేదు. కర్నూలు, కడప చుట్టూ ప్లాటు కొనాలనుకునే ఎవరైనా కొన్ని జాగ్రత్తలు తీసుకోవచ్చు.

* అమ్మేవాళ్లు చూపించే రంగుల బ్రోచరు కాదు, సర్వే నంబరు అడగాలి. 'మీభూమి' వెబ్‌సైట్‌లో ఆ నంబరు అడంగల్, ఎఫ్ఎంబీ చూడాలి. పక్క సర్వే నంబర్లవీ చూడాలి. వంక, కుంట, పోరంబోకు అనే మాట కనిపిస్తే ఆగాలి.

* గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు చూసే వీలుంది. పదిహేనేళ్ల వెనక్కి వెళితే నేటి రోడ్డు స్థానంలో ముదురు రంగు మెలికల చార కనిపించవచ్చు. అది నీటి దారి.

* లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో నగరపాలక సంస్థలో గానీ, పట్టణాభివృద్ధి సంస్థలో గానీ నిర్ధారించుకోవాలి. దరఖాస్తు చేశాం అన్న మాటకు విలువ లేదు.

* ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు గడువిస్తారు. మన వీధి పేరు, మన వంక గీత అందులో సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రాసివ్వడానికి అదే సమయం.

* అన్నిటికన్నా తేలికైనది... ఆ చుట్టుపక్కల పశువులు కాసే పెద్దాయన్ని అడగడం. వాన పెద్దదైతే నీళ్లు ఎటు పోతాయో ఆయనకు తెలుసు.

ఆ చివరి సంగతి పటం తయారుచేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. ఉపగ్రహం తీసేది ఆ రోజు బొమ్మ. పూడిపోయిన కుంట పేరు, తెగిపోయిన కట్ట జాడ, 2009లో ఏ గోడ మీద ఎంత ఎత్తున బురద గీత పడిందో తెలిసినవాళ్లు వీధుల్లోనే ఉన్నారు. మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి రాసుకున్నారు. వార్డు వార్డుకూ వెళ్లి అలాగే అడిగి, ఆ జ్ఞాపకాలను కూడా ఒక పొరగా చేర్చవచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు. ఆనాటి వరద చూసిన పెద్దవాళ్లు ఉండగానే ఆ పని జరగాలి.

అలా తయారైన పటాన్ని బీరువాలోనో, సర్వర్‌లోనో దాచకుండా ప్రతి వార్డు కార్యాలయం గోడ మీద అందరికీ కనిపించేలా అంటిస్తే చాలు. తన ఇల్లు ఎక్కడుందో, నీళ్లెక్కడిదాకా వస్తాయో, వస్తే ఎటు పరిగెత్తాలో ప్రతి ఒక్కరూ వేలు పెట్టి చూసుకోవచ్చు. కర్నూలుకూ, కడపకూ మళ్లీ పెద్దవాన ఏ ఏడాది వస్తుందో ఎవరూ చెప్పలేరు. వస్తే ఏ దారిన వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పవచ్చు.